ఆదివారం ముచ్చట: స్లేటర్ ఫిరంగులు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం మా డాబా మీద కలుద్దాం. ఈసారి ముచ్చట అమెరికాలో ఆల్బనీ దగ్గర హడ్సన్ నదిలో ఉన్న యూఎస్ఎస్ స్లేటర్ గురించి. 1944 నాటి యుద్ధనౌక. 1951లో గ్రీసుకు పోయి 1993లో తిరిగొచ్చింది. ఫిరంగుల బాగోగులు చూసేది వాలంటీర్లే.

ఇలాంటి పాత ఫిరంగి తిరగకపోతే తుప్పు కంటే ముందు రంగుని అనుమానించాలంటాను. పూత మీద పూత పడితే గ్రీజు ఎక్కించే చిన్న మూతులు (నిప్పిళ్లు) మూసుకుపోతాయి, లోపల పళ్లచక్రాలు బిగిసిపోతాయి. పైగా పాత పూతల్లో సీసం ఉండొచ్చు, మాస్కు లేకుండా గీకకూడదు.

స్లేటర్ మీదున్న 40 మి.మీ. బోఫోర్స్ విమాన విధ్వంసక ఫిరంగికి తమ్ముడే మన సైన్యం ఎల్-70. గోపాలపూర్‌లో వాయురక్షణ దళంలో చేసిన బాబాయిలు తప్పక రావాలి, ఆ సంగతులు మీరే చెప్పాలి. టిఫిన్ మాది. ఒడియా స్నేహితుల్నీ తీసుకురండి, బరంపురంలో తెలుగు ఎవరికి రాదు!