బిందెడు నీళ్లలో ఒక మాత్ర

డ్యూబెన్‌డార్ఫ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. మీ నాయిన మోకాళ్ల నొప్పి తగ్గిందని చదివి ప్రాణం కుదుటపడింది. ఆయన వేసుకునే వోవెరాన్ మాత్ర గురించే ఈ ఉత్తరంలో సగం ఉంటుంది, ఆశ్చర్యపోకు.

జ్యూరిక్ పక్కనే ఉన్న ఈ చిన్న పట్నం మధ్యలోంచి గ్లాట్ నది పోతుంది. రోజూ సాయంత్రం దాని గట్టు మీదే నా నడక. నీళ్లల్లో అడుగున ఉన్న రాళ్లు కనబడతాయి. మా ఊరిదీ, చుట్టుపక్కల ఊళ్లదీ మురుగంతా శుద్ధి అయ్యాక చేరేది ఆ నదిలోకే. అందుకే మొన్న శనివారం ఆ మురుగు శుద్ధి చేసే నోయ్‌గూట్ ప్లాంట్ చూసొచ్చాను.

మొదట అంతా మామూలే. చెత్త తీసే జల్లెడ, ఇసుక పేరుకునే తొట్టి, గాలి కొడుతూ బ్యాక్టీరియాతో మురుగు తినిపించే ట్యాంకులు. కానీ మీ నాయిన వోవెరాన్‌లో ఉండే డైక్లోఫెనాక్ లాంటి మందులు ఆ బ్యాక్టీరియాకు సరిగా అరగవు. మన ఒంట్లోంచి మూత్రంతో పోయినవి చాలావరకు అలాగే నదిలోకి జారిపోతాయి. లీటరుకు మైక్రోగ్రాము అటూఇటూ ఉంటాయంతే, కానీ ఏళ్ల తరబడి చేపల మీద పడుతూనే ఉంటాయి.

దానికి ఇక్కడ వాడేది ఓజోన్ వాయువు. స్విట్జర్లాండ్‌లో పూర్తి స్థాయిలో పెట్టిన మొదటి ప్లాంట్ ఇదే, 2014లో. బయట ద్రవ ఆక్సిజన్ ట్యాంకు, లోపల దాన్ని కరెంటుతో ఓజోన్‌గా మార్చే యంత్రం. వెయ్యి లీటర్లకు రెండు మూడు గ్రాములు చాలట. అది మందు అణువుల్ని ముక్కలు చేస్తుంది, మిగిలిన ముక్కల్లో చాలావాటిని తర్వాతి ఇసుక ఫిల్టరులో బతికే బ్యాక్టీరియా తినేస్తుంది. ఆపరేటర్ రెండు గాజు జాడీలు చూపించాడు. ఓజోన్‌కు ముందు నీళ్లు పలచటి టీ రంగు, తర్వాతవి తేటగా ఉన్నాయి. ఎక్స్‌రేల కోసం ఎక్కించే కాంట్రాస్ట్ మందులు మాత్రం ఓజోన్‌కు కూడా అంతగా లొంగవని దాచకుండా చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది.

2016 నుంచి చట్టం కూడా ఉంది. ఎంపిక చేసిన ప్లాంట్లు ఇలాంటి మందుల్ని 80 శాతం తొలగించాలి. డబ్బు కోసం ప్లాంట్ల దగ్గర తలకు ఏడాదికి 9 ఫ్రాంకులు వసూలు చేసి ఒక నిధిలో వేస్తారు, నిర్మాణ ఖర్చులో 75 శాతం అందులోంచే.

తిరిగొస్తుంటే మన ఇసకవాగే కళ్లల్లో మెదిలింది రా. స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన లెక్క నీకు తెలుసు కదా. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లల్లో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! అంటే అమ్మ నెత్తిన మోసిన బిందె ఉంది చూడు, దాదాపు పదహారు లీటర్లది, అందులో 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి కరిగించినట్టు. అది కూడా శుద్ధి అయిన నీళ్లల్లో. అప్పట్లో అవి ఇసకవాగులోంచి నక్కవాగుకు, అక్కడి నుంచి మంజీరకు చేరేవి. చిన్నప్పుడు వాగు మీద నురగ చూసి బర్రెలు నీళ్లు ముట్టక వెనక్కి తిరిగేవి, గుర్తుందా?

మనకూ ఓజోన్ పెట్టిస్తే సరిపోతుందని నేను అనను. ఇక్కడ పట్టుకునేది ఇళ్లల్లోంచి వచ్చే చిటికెడు మందు. ఫ్యాక్టరీలోంచి బిందెల లెక్కన వచ్చేదాన్ని ఫ్యాక్టరీ గేటు లోపలే ఆపాలి. ఊరి మురుగులో కలిపితే ప్లాంటు లోపలి బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్‌ను తట్టుకోవడం నేర్పినట్టే. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

సంక్రాంతికి వస్తున్నాను. నువ్వు ఈలోపు ఒకసారి నక్కవాగు దాకా వెళ్లి, నీళ్ల రంగు ఎలా ఉందో, వాసన వస్తోందో లేదో, బర్రెలు తాగుతున్నాయో లేదో చూసి రాయి. మీ నాయినకు నమస్కారాలు చెప్పు.

నీ
శేఖర్