పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలమ్మా

నర్సీపట్నం,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కన మీ నాన్న, ఎదురుగా టీవీ, నువ్వేమో బస్సులో ఉన్నావు. రెండు ఆఫర్లు వచ్చాయన్నావు. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలన్నావు. ఒకటి కాండో టవర్లు, అంటే అమ్మకానికి అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీ. రెండోది కెనడాలో అక్కడి ఆదివాసులే పెట్టుకుని, వాళ్లే నడుపుకుంటున్న తక్కువ అద్దె ఇళ్ల సంస్థ. ఏడాదికి పదకొండు వేల డాలర్ల తేడా అనగానే మీ నాన్న "ఇందులో ఆలోచించడానికి ఏముంది" అనేశారు. నేను నోరు మెదపలేదు. నా మనసులో ఉన్నది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. రెండో ఉద్యోగంలోనే చేరమంటాను. కానీ ఏమనుకుని చేరుతున్నావన్నది నాకు ముఖ్యం.

1994లో నాకు మన్యంలో పోస్టింగు పడింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఘాట్ రోడ్డు దిగి, జీపు వదిలి, గంటన్నర నడిస్తే ఒక కోదు గూడెం వచ్చేది. అక్కడ ఇరవై రెండు ఇళ్లు మంజూరయ్యాయి. ఒక గది, ముందు చిన్న వరండా, పైన స్లాబు. ఆ ప్లాను పై నుంచి వచ్చింది. మైదానంలో ఊరికి ఏ కాగితమో, కొండ మీద గూడేనికీ అదే కాగితం. నా పని బేస్‌మెంట్ లెవెల్, లింటెల్ లెవెల్, రూఫ్ లెవెల్ చూసుకుంటూ ఎం.బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) రాయడం, బిల్లు పెట్టడం. పని బాగానే చేశాననుకున్నాను. సిమెంటు పాళ్లు తగ్గనివ్వలేదు, ఇసుకలో మట్టి ఉంటే లోడు వెనక్కి పంపేదాన్ని.

చివరి ఇల్లు అయిపోయిన రోజు ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, గది మధ్యలో నిలబెట్టి, వచ్చీరాని తెలుగులో అడిగింది. "పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" బయట పెట్టుకోమన్నాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. పక్కనే ఉన్న తన పాత గుడిసెలోకి లాక్కెళ్లింది. చీకటికి కళ్లు అలవాటు పడటానికి కాసేపు పట్టింది. నేల మధ్యలో మూడు రాళ్ల పొయ్యి. దాని మీద వెదురు అటక. అటక కింద డొప్పలతోనే జడల్లా అల్లి కట్టిన మొక్కజొన్న పొత్తులు, మసిపట్టి నల్లగా నిగనిగలాడుతున్నాయి. అదంతా మరుసటేటి విత్తనం. పొయ్యి పొగ తగులుతూ ఉంటే పురుగు పట్టదు. పొగ గడ్డి కప్పులోంచి మెల్లగా బయటికి పోతుంది, పోతూ పోతూ కప్పుని కూడా చెదలు పట్టకుండా కాపాడుతుంది. ఆ పొయ్యి అన్నం వండుకోవడానికి ఒక్కదానికే కాదన్నమాట. నేను కట్టించిన స్లాబు గదిలో విత్తనం వేలాడదీయడానికి ఒక వాసం లేదు, పొగ పోవడానికి దారి లేదు.

నేనేం చేశానో తెలుసా? ఎం.బుక్‌లో "కంప్లీటెడ్" అని రాసి, సంతకం పెట్టి, కొండ దిగి వచ్చేశాను. ఏడాది తర్వాత వెళ్తే ఆ ఇళ్లలో మేకలున్నాయి, కట్టెలున్నాయి. మనుషులు పాత గుడిసెల్లోనే ఉన్నారు. ఆఫీసులో మాత్రం "వాళ్లకి మంచి ఇళ్లలో ఉండటం అలవాటు లేదు" అన్నారు. కాదని అనడానికి అప్పుడు నాకు నోరు రాలేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఎవరికీ చెప్పని మాట ఇది. మీ నాన్నకి కూడా తెలియదు.

పోయిన వేసవిలో విన్నిపెగ్‌లో నీ దగ్గర నాలుగు నెలలు ఉన్నాను కదా. ఒకరోజు వంటింట్లో కొళాయి నీళ్లు పట్టుకుని తాగుతుంటే "అమ్మా, ఈ నీళ్లు ఎక్కడివో తెలుసా" అని మొదలుపెట్టావు. షోల్ లేక్ నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్లు కాలవలో నడిచొస్తాయని, ఆ కాలవ 1919లో పూర్తయిందని చెప్పావు. ఆ కాలవ కోసం షోల్ లేక్ 40 అనే ఫస్ట్ నేషన్ (ఆదివాసీ సముదాయం) నేలని తవ్వేసి వాళ్లని దీవిలా ఒంటరిగా వదిలేశారని, నగరం తాగే నీళ్ల పక్కనే ఉంటూ వాళ్లు మాత్రం 1997 నుంచి 2021 దాకా కాచుకునే తాగాల్సి వచ్చిందని చెప్పావు. నేను ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకు స్వెట్టర్ కొన్న గ్రాంట్ పార్క్ మాల్ గుర్తుందా? ఆ చుట్టుపక్కలే రూస్టర్ టౌన్ అని మేటీ కుటుంబాల వాడ ఉండేదట, మేటీలంటే ఆదివాసులకీ యూరప్ వాళ్లకీ పుట్టిన సంతతి. 1950ల చివరికి వాళ్లందరినీ లేపేశారు. 2011 వరదల్లో విన్నిపెగ్ మునగకుండా నీళ్లని అటు మళ్లిస్తే లేక్ సెయింట్ మార్టిన్ అనే ఆదివాసుల ఊరు మునిగింది. ఆ ఊరి జనం ఏళ్ల తరబడి హోటల్ గదుల్లో, అద్దె కొంపల్లో బతికారు. కొత్త ఇళ్లకి వెళ్లడం 2017లో గానీ మొదలవలేదు. ఇదంతా వింటుంటే నాకు పోలవరం కింద గోదారి ఒడ్డు వదిలి ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీల్లోకి వెళ్లిన కొండరెడ్లే కళ్ల ముందు తిరిగారు.

నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. 2021 జనాభా లెక్కల్లో ఆదివాసుల్లో నూటికి 16.4 మంది పెద్ద రిపేర్లు కావలసిన ఇళ్లలో ఉన్నారని, మిగతావాళ్లలో అది 5.7 మాత్రమేనని ఉంది. రిజర్వుల్లో, అంటే ఆదివాసులకి కేటాయించిన భూముల్లో, ఇళ్లకి బూజు ఎందుకు పడుతుందో రాసిన భాగం రెండుసార్లు చదివాను. దక్షిణాన నగర శివార్లలో చిన్న కుటుంబానికి గీసిన ప్లానుని అక్కడి చలిలోకి తీసుకెళ్లి కట్టారు. గాలి ఆడే ఏర్పాటు చాలదు. ఇళ్లు చాలక ఒక్కో ఇంట్లో రెండు మూడు కుటుంబాలు సర్దుకోవాలి. వంట ఆవిరి, ఊపిరి తేమ చల్లటి గోడకి తగిలి నీరుగా మారతాయి, అక్కడే బూజు. తప్పు మాత్రం ఇల్లు శుభ్రంగా ఉంచుకోరని వాళ్ల మీదే పడింది. మా ఆఫీసులో విన్న మాటకీ దీనికీ తేడా ఏముంది?

రిజర్వులో ఇల్లు కట్టడం ఎందుకంత కష్టమో నువ్వు చెప్పాక మన 1/70 చట్టం గుర్తొచ్చింది. ఇక్కడ ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో ఆ రెగ్యులేషన్ తెచ్చారు. అక్కడ 1876 నాటి ఇండియన్ యాక్ట్ కింద రిజర్వు భూమి పట్టా ప్రభుత్వం పేర బిగుసుకుపోయింది, దాని 89వ సెక్షన్ వల్ల మామూలు బ్యాంకు తనఖా పెట్టుకోలేదు. నేల కాపాడాలి, నిజమే. కానీ ఆ నేల మీద ఇంటికి అప్పు పుట్టాలంటే ఢిల్లీ సంతకం లాంటిది ఒకటి కావాలి. ఈ ముడి విప్పడం నేర్చుకున్నవాళ్లకి అక్కడ పని ఎప్పటికీ ఉంటుంది. లెక్కలు తెలిసినవాళ్లు, న్యాయం చదివినవాళ్లు, నీలాగా నిర్మాణం చదివినవాళ్లు అందరూ అందులో కావాలి.

ఇప్పుడు నీ పని సంగతి. "అమ్మా, ఇది డెవలప్‌మెంట్ కాదు, మెయింటెనెన్స్ లాగా ఉంది" అని కాస్త నిరాశగా అన్నావు. నాకు అదే గొప్పగా అనిపించింది. మీ ఊళ్లోనే 1970లో కీన్యూ హౌసింగ్ మొదలైంది, దేశంలో నగర ఆదివాసుల మొదటి ఇళ్ల సంస్థ అదే. రిజర్వుల నుంచి పట్నానికి వచ్చినవాళ్లకి ఇంటివాళ్లు తలుపు తియ్యని కాలం అది. ఇప్పుడు విన్నిపెగ్, దాని చుట్టుపక్కల కలిపి ఆదివాసులు లక్ష దాటారు. ఇలాంటి సంస్థలు దేశమంతా పెరిగాయి. 1993 తర్వాత కొత్త ఇళ్లకి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) డబ్బు ఆగిపోయింది. అప్పటికే కట్టినవి పాతబడ్డాయి. ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల గడువు తీరుతున్నకొద్దీ సబ్సిడీ కూడా పోతోంది. అద్దె మాత్రం ఆదాయంలో పాతిక, ముప్ఫై శాతం దాటకూడదు. మరి పైకప్పు మార్చడానికి డబ్బు ఎక్కడిది? ఏ కప్పు మూడేళ్లు ఆగుతుంది, ఇల్లు వెచ్చబెట్టే ఏ ఫర్నేసు ఈ చలికాలమే మొరాయిస్తుంది, రిపేర్ల కోసం దాచిన రిజర్వ్ ఫండ్‌లో ఎంత ఉంది, ఏది ముందు చెయ్యాలి? మైనస్ ముప్ఫైలో పైపు గడ్డకట్టి పగిలితే ఒక తల్లి పిల్లల్ని ఎత్తుకుని అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడుతుంది. ఆ రాత్రి రాకుండా చూసేదే నీ ఉద్యోగం. టవర్ కట్టడం కంటే ఇది చిన్న ఇంజనీరింగ్ అని నువ్వు ఎలా అనుకున్నావు?

కొత్తవి కూడా వస్తాయి. 2023 బడ్జెట్‌లో పట్నాల్లో, పల్లెల్లో, ఉత్తరాది ప్రాంతాల్లో ఆదివాసుల ఇళ్లకి ఏడేళ్లలో 400 కోట్ల డాలర్లు అన్నారు. అదే ఏడు 28 కోట్లకు పైగా డాలర్లు ఎవరికి ఇవ్వాలో తేల్చే బాధ్యత నిచి అనే ఆదివాసీ సంస్థ చేతికే వచ్చింది. మా కాలంలో గూడెం పెద్దలు మంజూరు పత్రం మీద వేలిముద్ర వెయ్యడమే చూశాను. వాళ్లే మంజూరు చేసే బల్ల వెనక కూర్చోవడం నేను చూడలేదు.

ఇక నీకు కష్టంగా ఉండేవి కూడా చెప్పాలి. ఆ సంస్థలో పై పోస్టులు చాలావరకు వాళ్ల వాళ్లకే ఇస్తారు. అలాగే ఇవ్వాలి. నువ్వు రెండేళ్లు నేర్పిన అమ్మాయే మూడో ఏడు నీకు మేనేజరు కావచ్చు. ఆ రోజు నీకు బాధ కలిగితే ఫోన్ చెయ్యి, వింటాను. కానీ అన్యాయం జరిగిందని మాత్రం అనుకోకు. నీ ఉద్యోగం సగం పూర్తయిందని దానర్థం.

ఇంకొకటి. ఇల్లు తనిఖీకి వెళ్లినప్పుడు గుమ్మంలోనే నోట్‌బుక్ తియ్యకు. ఆ దేశంలో ఫైలు పట్టుకుని వచ్చినవాళ్లు పిల్లల్ని బడి పేరుతో ఎత్తుకుపోయారు. ఆ రెసిడెన్షియల్ స్కూళ్లలో చివరివి మూతపడింది 1990లలోనే, అంటే అందులో చదివినవాళ్లు ఈ రోజు నీకు తలుపు తీస్తారు. ఇల్లు బాగాలేదన్న మాట మీద పిల్లల్ని తీసుకుపోవడం ఆ తర్వాతా జరిగింది. గోడ మీద బూజు నీకు రిపేరు పని. ఆ తల్లికి అదే చోట వేరే భయం కనపడుతుంది. ముందు కూర్చో. టీ ఇస్తే తాగు. ఎందుకు వచ్చావో, ఆ కాగితం ఎవరికి వెళ్తుందో చెప్పు. ఆ తర్వాత రాసుకో.

మనం కూడా వలస వచ్చినవాళ్లమే, మీ బాధ మాకు తెలుసు అని వాళ్లతో అనకు. మనం వీసా తీసుకుని వాళ్ల నేల మీదికి వచ్చాం. వాళ్లు ఎక్కడికీ రాలేదు, అక్కడే ఉన్నారు. మన్యంలో నేను మైదానం మనిషిని, అక్కడ నువ్వూ అంతే. ఇల్లు ఇచ్చేదాన్ని అనుకుని నేను వెళ్లాను. నువ్వు వాళ్ల మాట కింద పనిచేసేదానిగా వెళ్లు.

డబ్బు గురించి మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఎడ్యుకేషన్ లోను ఇంకా పధ్నాలుగు కిస్తీలే ఉంది. నా పెన్షన్లోంచి సగం నేను కడతాను. వద్దనకు, ఇది నీకు ఇస్తున్నది మాత్రమే కాదు.

శుక్రవారం జవాబు ఇచ్చే ముందు వాళ్లని ఒక్కటి అడుగు. కొత్త ఇళ్లకి డ్రాయింగు ఖాయం చేసే ముందు, అందులో ఉండబోయేవాళ్లు ఎన్నిసార్లు వచ్చి కూర్చుంటారు, వాళ్లు అడిగినవాటిలో ఏవి మార్చారు అని. వాళ్లేమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు. అక్కడ రాత్రయినా పర్లేదు, నేను పొద్దున్నే ఐదింటికే లేస్తాను.

మీ అమ్మ