రోమన్ నాణెం అంటే సరిపోదు, ఏ ప్రావిన్స్‌దో చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన 1,500కు పైగా వెండి నాణేల గురించో, వినుకొండ బంగారు నాణేల గురించో పత్రికల్లో వచ్చినప్పుడల్లా ‘రోమ్ నుంచి ఓడలు వచ్చాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ ఓడలు రోమ్‌లో బయల్దేరలేదు. రోమన్ సామ్రాజ్యంలో ఒక ప్రావిన్స్ (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) అయిన ఈజిప్టులోని ఎర్రసముద్రపు రేవుల్లో బయల్దేరాయి. ఆ ప్రావిన్స్ పాలన తెలియకపోతే ఈ వ్యాపారం సగమే అర్థమవుతుంది.

క్రీ.పూ. 30లో ఈజిప్టును గెలిచిన, తర్వాత రోమ్ తొలి చక్రవర్తి అయిన అగస్టస్ దాన్ని సెనేటర్ల (రోమ్ పెద్దల సభ సభ్యుల) చేతికి ఇవ్వలేదు. వారికన్నా ఒక మెట్టు కిందనున్న ఈక్వెస్ట్రియన్ వర్గం నుంచి ప్రిఫెక్ట్‌ను, అంటే పాలకుణ్ణి, తానే నియమించాడు. అనుమతి లేకుండా సెనేటర్లెవరూ అక్కడ అడుగు పెట్టరాదు. క్రీ.శ. 19లో చెప్పకుండా అలెగ్జాండ్రియా వెళ్లినందుకు తన దత్తపుత్రుడు జెర్మానికస్‌నే అగస్టస్ తర్వాతి చక్రవర్తి టైబీరియస్ మందలించాడు. రోమ్ తినే ధాన్యమూ, తూర్పు సరుకు మీది సుంకమూ అక్కడే ఉన్నాయి కాబట్టి అంత జాగ్రత్త.

ఆ సుంకం ఎంతో చూడండి. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) ప్రావిన్సుల్లోకి వచ్చే సరుకు మీద 2.5 శాతం తీసుకుంటే, ఈజిప్టు మీదుగా వచ్చే తూర్పు సరుకు మీద 25 శాతం. వియన్నాలో ఉన్న రెండో శతాబ్దపు పపైరస్ (రెల్లు కాగితపు పత్రం) ఒకటి ఆ వసూలు తీరును చెబుతుంది. కేరళ తీరపు ముజిరిస్ వ్యాపారానికి అప్పు తీసుకున్నవాడు సరుకును ఒంటెల మీద ఎడారి దాటించి, నైలు ఒడ్డున ఉన్న కాప్టాస్‌లోని సర్కారు గోదాముల్లో ముద్ర వేసి ఉంచాలి. అక్కడి నుంచి నైలు మీద పడవలో అలెగ్జాండ్రియా చేర్చి, సుంకం గోదాములో మళ్లీ ముద్ర కిందే పెట్టాలి. ఎర్రసముద్రపు రేవు బెరెనికె నుంచి కాప్టాస్‌కు 257 రోమన్ మైళ్లు, 12 రోజులు, ఎండకు తాళలేక ఎక్కువగా రాత్రి నడక అని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. అదే పపైరస్ వెనక హెర్మపొల్లాన్ అనే ఓడ సరుకు లెక్క ఉంది. నాలుగోవంతు సుంకం పోగా మిగిలినదే 1,154 టాలెంట్ల 2,852 డ్రాక్మాలు, అంటే టాలెంటుకు 6,000 డ్రాక్మాల (అక్కడి వెండి నాణేల లెక్క) చొప్పున దాదాపు 69 లక్షల డ్రాక్మాలు. ఒక్క ఓడకే! పెద్ద సుంకంతో ఆగలేదు. క్రీ.శ. 90 నాటి కాప్టాస్ శాసనం ప్రకారం ఎడారి దారిలో వెళ్లే ఒక్కో నావికుడి మీద 5 డ్రాక్మాలు, ఒంటె చీటీకి ఒక ఒబోల్ (చిల్లర నాణెం) కట్టాలి.

ఇక నాణేల సంగతి. ఈజిప్టులో డెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) చెల్లేవి కావు. అలెగ్జాండ్రియాలో కొట్టిన, రాగి కలిపిన వెండి టెట్రాడ్రాక్మ్‌లే (నాలుగు డ్రాక్మాల నాణేలే) చలామణీ. ఒక టెట్రాడ్రాక్మ్ ఒక డెనారియస్‌తో సమానమని లెక్క. మన నిధుల్లో ఉన్నవి మాత్రం డెనారియస్‌లు, ఆరియస్‌లు (రోమన్ బంగారు నాణేలు). అంటే వర్తకులు ఈజిప్టు సంతలో దొరికిన డబ్బు తేలేదు. ఇక్కడ మంచి లోహాన్నే తూచి తీసుకుంటారని తెలిసి, సామ్రాజ్యంలోని మిగతా ప్రాంతాల నాణేలను ఆ ప్రావిన్స్ గుండా దాటించారు.

భారతదేశంలో దొరికే వెండి రోమన్ నాణేల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి అగస్టస్ మనుమలు గైయస్, లూసియస్ డాళ్లు పట్టుకుని నిలబడినది. రెండోది టైబీరియస్ తలా, వెనక కూర్చున్న స్త్రీమూర్తీ ఉన్నది. రెండూ గాల్‌లోని లుగ్డునుమ్ టంకశాలవి. అది నేటి ఫ్రాన్స్‌లోని లియాన్. మ్యూజియంలలో వీటి కింద ‘రోమన్ నాణెం’ అని వదిలేయకుండా, చక్రవర్తి పేరుతో పాటు టంకశాల ఊరు, ప్రావిన్స్ కూడా రాయించమని పురావస్తు శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు