పుండు మీది పాచి తీయకుండా మందులు మార్చి ఏం లాభం?

సంపాదకులకు,

షుగర్ ఉండి నెలల తరబడి మానని కాలిపుండుతో మన అనంతపురం, కళ్యాణదుర్గం ఆస్పత్రులకు వచ్చేవారి సంచిలో మూడు నాలుగు రకాల యాంటీబయాటిక్ అట్టలుంటాయి. ఒకటి పనిచేయలేదని ఇంకొకటి. లోపం చాలాసార్లు మందులో ఉండదు. నీళ్లతొట్టి గోడకు పాచి పట్టినట్టే పుండు అడుగునా పడుతుంది. క్రిములు తాము స్రవించిన జిగురులోనే గుంపుగా దాక్కుంటాయి. బయోఫిల్మ్ అంటే ఇదే. అందులోకి మందు సరిగా ఇంకదు. ఇంకినా, పెరగడం ఆపి మగతగా పడి ఉన్న క్రిములను చంపలేదు. చాలా యాంటీబయాటిక్స్ దెబ్బ తీసేది పెరిగే క్రిములనే.

తొట్టిలో నీళ్లు మారిస్తే పాచి పోదు, రుద్దాలి. పుండును సెలైన్‌తోనో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లతోనో కడగాలి. చచ్చిన కండను, అంచున గట్టిపడ్డ ఆనెను డాక్టరు క్యూరెట్‌తో (చెంచాలాంటి గీకుడు పరికరం) గానీ బ్లేడుతో గానీ తీసేయాలి. గీకిన పొర 1 నుంచి 3 రోజుల్లో మళ్లీ పడుతుంది. అందుకే అయోడిన్ కట్టు వేయదలిస్తే గీకిన రోజే వేయాలి. గీకడం ఒక్కసారితో అయిపోదు, వారం వారం చూసుకోవాలి. పచ్చటి రసి కారుతూ తియ్యటి వాసన వస్తుంటే సూడోమోనాస్ అనే క్రిమిని అనుమానించాలి. అప్పుడు 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన గాజుగుడ్డను 10, 15 నిమిషాలు వేసి ఉంచడం పనికొస్తుంది. వంటింటి వెనిగర్‌ను నేరుగా పోయడం మాత్రం వద్దు, దాని ఘాటు నాలుగైదు రెట్లు.

అయితే కాలికి రక్తం అందుతోందో లేదో చూడకుండా బ్లేడు పెట్టకూడదు. పాదం మీద నాడి దొరక్క, పుండు నల్లగా ఎండి ఉంటే దాన్ని కదపొద్దు. రక్తనాళాల పరీక్ష ముందు.

పసుపు, కాఫీపొడి చల్లితే పైన చెక్కు కట్టి రసి కిందే నిలుస్తుంది. నురగ వచ్చిందని సంబరపడి రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కొత్త కండ కూడా కాలుతుంది. ఏ క్రిమి ఉందో ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకు పైపైన దూదిపుల్ల తిప్పి పంపితే, దాన్నీ పెద్దగా నమ్మలేం. శుభ్రం చేశాక అడుగు నుంచి తీసిన చిన్న ముక్క పంపాలి.

యాంటీబయాటిక్ అసలే వద్దనడం లేదు. జ్వరం, చుట్టూ 2 సెంటీమీటర్లు దాటిన ఎరుపు, డాక్టరు పుండు లోపలికి పెట్టి చూసే లోహపు పుల్లకు ఎముక తగలడం ఉంటే ఆలస్యం చేయరాదు. చీము, వాపు, ఎరుపు, వేడి ఏవీ లేని పుండుకు ఆ మాత్రలు దండగ. అరికాలి పుండు మీదే బరువు మోపి బుడ్డల చేలో తిరిగితే, ఎంత గీకినా అంతే.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కట్లు కట్టే గదిలో క్యూరెట్, స్టెరైల్ బ్లేడ్లు, పాదం స్పర్శ చూసే 10 గ్రాముల మోనోఫిలమెంట్ (10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు) ఉంచి, వాటిని వాడటంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని జిల్లా వైద్యారోగ్య శాఖను కోరుతున్నాం.

— చర్మవ్యాధుల వైద్యులు, అనంతపురం