ఆఖరి యుద్ధానికి ఎన్ని మార్కులు?

సంపాదకులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లలు కంప్యూటర్ ఆటలకు అతుక్కుపోతున్నారని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అతుక్కుపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను. విజయనగరం కోట దగ్గర మా ఇల్లు. 34 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను.

మా మనవడు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే యుద్ధాల కంప్యూటర్ ఆట రెండో భాగం ఆడతాడు. పాత కంప్యూటర్ కావడంతో 2000లో దానికి అనుబంధంగా వచ్చిన కాంకరర్స్ వరకే నడుస్తుంది. ఈ నెలంతా ఇద్దరం కలిసి మాంటెజూమా కథ ఆడాం. మెక్సికోలోని అజ్టెక్కుల రాజు కథ అది. వాళ్లకు గుర్రాలు లేవు, ఆటలో కూడా గుర్రపుసాల కట్టుకోనివ్వరు. ఆ లోటు తెలిసే ఈగిల్ వారియర్లు, జాగ్వార్ వారియర్లు అనే కాలిబంట్లతో నెట్టుకొచ్చాం. చివరిది వాళ్ల రాజధాని టెనోచ్టిట్లాన్ దగ్గర యుద్ధం. చుట్టూ నీళ్లు, అవతల దండెత్తి వచ్చిన స్పెయిన్ వాళ్ల ఫిరంగులు, తుపాకులు, గుర్రాలు. నాలుగుసార్లు ఓడిపోయాం. అయిదోసారి వాడు విసుగొచ్చి చీట్ కోడ్ (ఆటలో అడ్డదారి తెరిచే రహస్య మాట) కొట్టాడు. అజ్టెక్కుల ఊళ్లోకి నీలం రంగు కారు ఒకటి వచ్చి స్పెయిన్ వాళ్లను కాల్చడం మొదలుపెట్టింది. నవ్వాగలేదు గానీ, మాస్టారి బుర్ర కదా, నాకు ప్రశ్నపత్రం గుర్తొచ్చింది.

పేపరు సెట్ చేసేటప్పుడు ముందు బ్లూప్రింట్ వేసుకునేవాళ్లం. సులభమైనవి ఇన్ని, సామాన్యం ఇన్ని, కఠినం ఇన్ని అని. కఠినమైన ప్రశ్న కూడా చెప్పిన పాఠంలోంచే రావాలి. పిల్లాడికి తట్టకపోతే అది వాడి లెక్క, పాఠంలోనే లేకపోతే నా తప్పు. ఇలాంటి ఆటల్లో ఆఖరి యుద్ధం చాలాసార్లు ఈ రెండో రకం. ముందు నేర్పింది ఒకటి, చివర అడిగేది ఇంకోటి. కష్టం పెంచడమంటే అవతలివాడికి సైన్యం పెంచడమే అనుకుంటారు. సివిలైజేషన్ అనే ఇంకో ఆటలో పై స్థాయికి వెళ్తే కంప్యూటర్‌కు తెలివేం పెరగదు, దానికి ఉత్పత్తిలో రాయితీలు ఇస్తారు. మా భాషలో గ్రేస్ మార్కులు.

చరిత్రలో ఆఖరి యుద్ధాలు సమానంగా జరగలేదు, ఆటలో మాత్రం ఎందుకు జరగాలి అని మీరు అడగొచ్చు. నిజమే. 1521 ఆగస్టులో టెనోచ్టిట్లాన్ పడిపోయింది ఫిరంగుల వల్ల మాత్రమే కాదు. అంతకు ముందటేడు మశూచి ఊరిని తినేసింది. పొరుగున ఉన్న ట్లాస్కాలా వాళ్లు వేల సంఖ్యలో స్పెయిన్ సేనాని కోర్టెస్ వైపు నిలబడ్డారు. కాబట్టి ఓడినవాళ్ల వైపు కూర్చోబెట్టి 'గెలువు' అనడంలోనే తిరకాసు ఉంది. అక్కడ శత్రువు బలాన్ని ఎటు జరిపినా తూకం కుదరదు. మార్చాల్సింది గెలుపంటే ఏమిటన్నది.

మన బొబ్బిలినే చూడండి. (మా నాన్నగారిది విజయనగరం, అమ్మది బొబ్బిలి పక్క పల్లె. ఈ యుద్ధం మా ఇంట్లో ఇంకా పూర్తిగా ముగియలేదు.) 1757 జనవరి 24న ఒక పక్క విజయనగరం రాజు విజయరామరాజు గారి సేనలు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, ఇంకో పక్క బొబ్బిలి రాజు రంగారావు గారి కోట. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు ఆ సమయానికి రాజాంలో ఉన్నాడు. కోట నిలవదు, ఎవరు ఆడినా నిలవదు. కానీ ఓర్మ్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడు రాసిన ఒక సంగతి నేను ప్రతి ఏటా క్లాసులో చెప్పేవాణ్ణి. అంతా అయిపోయాక ఒక ముసలాయన చిన్న పిల్లాణ్ణి వెంటబెట్టుకొచ్చి ఫ్రెంచి అధికారి ముందు నిలబడ్డాడు. ఈయన రంగారావు గారి కొడుకు, తండ్రి మాట కాదని నేనే కాపాడానన్నాడు. తర్వాత బొబ్బిలి గద్దె మళ్లీ ఆ పిల్లాడికే దక్కింది. అదీ ఆ రోజు బొబ్బిలి వాళ్ల గెలుపు. పిల్లాడు బతికితే ఆట నెగ్గినట్టు. ఇక కష్టమంటారా, గోడలు ఎంతసేపు ఆగితే అంత సులభం.

ఊరికే చెప్పడం లేదు. ఆ ఆటలోనే మ్యాపులు తయారుచేసుకునే ఎడిటర్ ఉంది. నేనూ, వాడూ బొబ్బిలి కోట కడుతున్నాం. పాత ఆటలో భారతీయులు లేరు కాబట్టి, ఏనుగులున్నాయని పర్షియన్లను పెట్టుకున్నాం. బుస్సీ వైపు, ఫ్రెంచివాళ్లకు దగ్గరని, ఫ్రాంకులు. పిల్లాడి బొమ్మ దొరకలేదు, రాజు బొమ్మ పెట్టి పేరు మార్చాం. కిరీటంతో తిరుగుతున్నాడు, ఏం చేస్తాం. మొదట నాలుగు ఫిరంగులు పెడితే ముసలాయన గుమ్మం దాటకముందే గోడ కూలింది. రెండు పెడితే మా వాడు కాలు మీద కాలేసుకుని నెగ్గేశాడు. మూడు పెట్టాం. పదకొండుసార్లు ఆడితే నాలుగుసార్లు పిల్లాడు బయటపడ్డాడు. ఓడిన ప్రతిసారీ ఎక్కడ ఆలస్యమైందో వాడే చెప్పాడు, చీట్ కోడ్ జోలికి పోలేదు.

పాత కోటకు గుమ్మాలు ఏ దిక్కున ఉండేవన్న దగ్గర ఇప్పుడు ఆగిపోయాం. స్మారక స్తంభం దగ్గరికి వెళ్లి చూసొచ్చాం గానీ అక్కడ తేలలేదు. బొబ్బిలి ప్రాంతపు పాఠకుల్లో తెలిసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి ఈ శీర్షికకే రాయమనండి. జూన్ రెండో వారంలో మా వాడికి బడి తెరుస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత సోషల్ మాస్టారు,
విజయనగరం.