స్పీకర్ బాక్సు వివరం చూడకుండా ఇక యాంప్ అమ్మం

కర్నూలులో మా షాపుకు వచ్చే వాళ్ళందరికీ ఒక మాట. ఈ నెల నుంచి మీరు యాంప్లిఫయర్ అడిగితే ముందు మీ స్పీకర్ల వివరం అడుగుతాం. అది చెప్పకపోతే అమ్మం. దీనివల్ల కొన్ని బేరాలు పోతాయని తెలుసు. ఇప్పటికే పోయాయి కూడా.

రిపేరుకు వస్తున్న ట్వీటర్లను (స్పీకర్ బాక్సులో సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లను) చూసే ఈ పద్ధతి పెట్టాం. కొందరు ఆన్‌లైన్‌లోనో, బెంగళూరు వెళ్ళో ఖరీదైన టవర్ స్పీకర్లు తెచ్చుకుని ఇంట్లో ఉన్న పాత రిసీవర్‌కే (యాంప్ లోపలే ఉండే హోమ్ థియేటర్ పెట్టెకే) తగిలిస్తారు. కొన్నాళ్ళకు ట్వీటర్ లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, కాలిపోతుంది. "యాంప్ మీద వంద వాట్లని ఉంది కదన్నా, ఇంకేం కావాల?" అంటారు. ఆ వంద ఎలా వచ్చిందో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. చాలా రిసీవర్లకు ఒకే ఛానల్, అంటే స్పీకర్‌కు వెళ్ళే ఒకే లైను నడిపి, 6 ఓమ్‌ల (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) దగ్గర కొలిచి రాస్తారు. కొన్నింటికైతే 10 శాతం డిస్టార్షన్ దాకా, అంటే సౌండు బాగా చెడేదాకా లాగి మరీ కొలుస్తారు. ఐదు ఛానళ్ళూ కలిసి మోగేటప్పుడు ఒక్కోదానికి అంత రాదు. ఇక పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ పవర్) అని వేలల్లో వేసే అంకె మా బిల్లు మీద కనబడదు.

బోరు లోతు చూడకుండా మనూళ్ళో ఎవరూ మోటారు కొనరు. స్పీకర్‌కు ఆ లోతు చెప్పేవి సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్ మోగుతుందో), ఓమ్‌లు. 90 డెసిబెల్ అని రాసున్న 8 ఓమ్ స్పీకర్ మీటరు దూరంలో 100 డెసిబెల్ మోగడానికి 10 వాట్లు చాలు. అదే 84 డెసిబెల్‌దైతే 40 వాట్లు కావాలి. ఆరు డెసిబెల్ తేడాకే నాలుగింతలు! ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ 84 చాలాసార్లు 2.83 వోల్టుల దగ్గర కొలిచినది. 8 ఓమ్‌లకు ఆ వోల్టేజీ 1 వాట్ అయితే, 4 ఓమ్‌లకు 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్ స్పీకర్ మీద 84 అని ఉంటే వాట్‌కు 81 అనే లెక్కేసుకోండి. అప్పుడు 40 కాదు, 80 వాట్లు కావాలి. పైగా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ 4 ఓమ్‌లు 3కు కూడా దిగుతాయి. అంత కరెంటు ఇవ్వలేని యాంప్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి పోతుంది, అంటే తనను కాపాడుకోను తనే ఆగుతుంది. ఆగిపోతే స్పీకర్ బతికినట్టే. ఆగకుండా వాల్యూమ్ పెంచుతూ పోతే సిగ్నల్ పైభాగం తెగి క్లిప్ అవుతుంది, ఆ దెబ్బ ముందు ట్వీటర్‌కే తగులుతుంది. పెద్ద యాంప్ కన్నా చిన్న యాంప్‌ను పిండినప్పుడే ఎక్కువ కాలుతున్నాయని మా బల్ల మీదికి వచ్చేవి చూసి చెబుతున్నా.

మన ఎండాకాలం కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. 230 వోల్టులు రావలసిన చోట 190 వస్తే, మామూలు ట్రాన్స్‌ఫార్మర్ యాంప్ 100 వాట్లది 70 వాట్ల లోపే ఇస్తుంది.

పెద్ద యాంప్ అంటగట్టడానికే ఇదంతా అనుకోకండి. చిన్న గది, 90 డెసిబెల్ దాటిన బాక్సులు, మామూలు సౌండు అయితే 40 వాట్లది తీసుకుని డబ్బు మిగుల్చుకోండి. అలాంటి వాళ్ళను పెద్ద దాని నుంచి మేమే వెనక్కి తిప్పుతున్నాం.

చవితి మండపాలకు అద్దెకు తీసుకునే కుర్రాళ్ళకు విడిగా చెబుతున్నా. 4 ఓమ్‌ల దాకా తట్టుకునే యాంప్‌కు ఒక్కో ఛానల్ మీద రెండు 8 ఓమ్ బాక్సులే. నాలుగు కలిపితే 2 ఓమ్‌లకు పడుతుంది. నిమజ్జనం రోజు వినాయక ఘాట్ దాకా సౌండు నిలవాలంటే ఇంకో యాంప్ తీసుకోండి, అద్దెలో తగ్గిస్తాం. కలిపి కాల్చుకొస్తే మాత్రం కాయిల్ ఖర్చు మీదే.

కొనేవాళ్ళు బాక్సు వెనక లేబుల్ ఫోటో పట్టుకు రండి. వీలైతే స్పీకర్లే తెండి, షాపులో కట్టి వినిపిస్తాం. పాత యాంపుల ఎక్స్‌ఛేంజ్ చవితి అయ్యాకే. ఇప్పుడు గోడౌన్‌లో చోటు లేదు.