దసరాకి ఇస్తానన్న ఆర్కిడ్ మొక్కల గురించి

రాయగడ నుంచి అందరికీ నమస్కారం. జనవరిలో మీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని దసరాకి ఇస్తానన్న డెండ్రోబియం, ఫెలనోప్సిస్ పిల్లమొక్కలు దసరాకి రావు. ముందుగా బుక్ చేసినవాళ్ళకి సంక్రాంతికి ఇవ్వగలను, మిగతావాళ్ళకి వచ్చే ఏడాది చివరిదాకా పడుతుంది. ఫోన్లో ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పేకంటే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

జులైలో మొలకల్ని పాత సీసాల్లోంచి కొత్త సీసాల్లోకి మారుస్తున్నాం. ఈ పని గాలిని వడగట్టే లామినార్ అనే యంత్రం ముందు కూర్చునే చేయాలి, లేకపోతే గాలిలోని బూజు సీసాలోకి దిగిపోతుంది. మధ్యలో కరెంటు పోయింది, గంటలో ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. అక్కడితో ఆపేయాల్సింది. మూతలు తీసిన సీసాలు ఇంకా ఉన్నాయని, మీకిచ్చిన తేదీ దగ్గర పడుతోందని, స్పిరిట్ దీపం పక్కన పెట్టుకుని కానిచ్చేశాను. తప్పు నాదే, నాతో పనిచేసే అమ్మాయి ఆపేద్దామనే అంది. నాలుగో రోజు పొద్దున్న చూస్తే అగర్ (సీసాలో మొలకలు పెరిగే జెల్లీ) అంచున దూదిపింజంత తెల్లగా కనిపించింది, రెండు రోజులు తిరిగేసరికి అది సీసా అంతా అల్లుకుపోయి, ఆవగింజంత పచ్చటి మొలకలు దాని కింద కనబడకుండా పోయాయి. 300 సీసాల్లో 180 పారబోశాం.

మళ్ళీ విత్తనం వేస్తే సరిపోతుంది కదా, అంత టైం ఎందుకు అని అడిగారు కొందరు. విత్తనం వేసేశాం. కానీ ఆర్కిడ్ విత్తనం మన కందిగింజలాంటిది కాదు. ఒక్క కాయలో లక్షల విత్తనాలుంటాయి, అరచేతిలో పోసుకుంటే పసుపు దుమ్ములా ఉంటుంది, ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. మొలకకి కావలసిన తిండి లోపల దాదాపు ఏమీ ఉండదు. అడవిలో ఒక రకం బూజు విత్తనంలోకి చేరి తిండి పెడితేనే అది మొలుస్తుంది. మా ఇంటి వెనక మామిడిచెట్టు మీద వాండా అనే ఆర్కిడ్ ఉండేది, దాని కాయ పగిలినప్పుడల్లా ఆ దుమ్ము తీసి పక్క కొమ్మల బెరడుకి పూసేవాణ్ణి, ఆరు వానాకాలాలు పూశాను, ఒక్కటీ రాలేదు. బూజు లేకపోయినా చక్కెర కలిపిన అగర్ మీద మొలిపించొచ్చని 1922లోనే నూడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించాడని తర్వాతెప్పుడో చదివాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వంటింటి ప్రెషర్ కుక్కర్లో హార్లిక్స్ సీసాలు ఉడకబెట్టి మొదలుపెట్టాను. ఫెలనోప్సిస్ అయితే కాయ ముదరడానికే అయిదారు నెలలు, సీసాలో ఏడాదికి పైనే, కుండీలోకి వచ్చాక పువ్వుకి ఇంకో రెండేళ్ళు. తొందరపెడితే ఏమవుతుందో జులైలో చూశాను.

ఇంకో మాట. సంతకి అడవి వాండాలు వస్తున్నాయి కదా, అవి కొని పంపెయ్యమని ఇద్దరు అడిగారు. పంపను. లక్షల విత్తనాల్లో ఏ ఒకటో రెండో తగిన బెరడూ తగిన బూజూ దొరికి, ఏళ్ళ తరబడి పెరిగి ఆ చెట్టు మీద నిలబడ్డాయి. వేర్లు తెంపి తెచ్చిన ఆ మొక్క మీ బాల్కనీలో బతకడం కష్టం, అక్కడ కొమ్మ మాత్రం ఖాళీ అయిపోతుంది. నా దగ్గర అమ్మే ప్రతి మొక్కా సీసాలో పుట్టిందే, ఇకముందూ అంతే.

విత్తనం నుంచి వచ్చినవి తోబుట్టువుల్లాంటివి, ఒకే కాయవైనా ఒకటి ఒకలా పూస్తుంది. ఫోటోలో ఉన్న రంగే కావాలంటే టిష్యూ కల్చర్ మొక్క, అంటే ఒక మొక్క ముక్క నుంచి అచ్చం దానిలాగే పెంచింది, కొనుక్కోండి, ఏమీ అనుకోను. నేను 2019లో కలిపిన డెండ్రోబియం ఈ ఏడాది మొదటిసారి పూసింది, తెల్ల రేకుల మీద సన్నటి వంగపండు రంగు గీతలు, తల్లిమొక్కకీ లేవు తండ్రిమొక్కకీ లేవు. మూడు రోజులు పొద్దున లేవగానే దాని దగ్గరికే వెళ్ళాను.

డబ్బు వెనక్కి కావాలనుకున్నవాళ్ళు వాట్సాప్‌లో మీ పేరు, బుక్ చేసిన తేదీ పెట్టండి, వారంలో మొత్తం తిరిగి వేస్తాను, ఏమీ తగ్గించను. ఆగుతామన్నవాళ్ళకి రేటు పెంచను. కొత్త బ్యాటరీ కొన్నాను, కరెంటు పోతే సీసా మూత తీయకూడదని గోడ మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి పెట్టాం. పార్వతీపురం, బొబ్బిలి, జయపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఆదివారం పొద్దున రండి, మిగిలిన 120 సీసాలు మీ కళ్ళతోనే చూసుకోవచ్చు. లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు బయటే వదలండి, చేతులు కడుక్కోవడానికి కుళాయి గుమ్మం పక్కనే ఉంది.